మా ఖుషీకి సాక్ష్యం కావాలా?

మొహర్రం పదో తారీఖున మాకు ఏటా ఒక మెసేజ్ వస్తుంది. 'హ్యాపీ మొహర్రం' అని. పంపేవాళ్లు చెడ్డవాళ్లు కాదు. మాతో పాటు ఏళ్ల తరబడి ఒకే బల్ల మీద టిఫిన్ డబ్బాలు విప్పినవాళ్లు. దసరాకి హ్యాపీ, దీపావళికి హ్యాపీ, క్రిస్మస్‌కి హ్యాపీ. క్యాలెండర్‌లో ఎర్రంకె కనబడింది గనక దీనికీ హ్యాపీ. క్రీ.శ. 680లో కర్బలా మైదానంలో ప్రవక్త మనుమడు హుసేన్‌నీ, ఆయన వెంట ఉన్న కొద్దిమందినీ గుక్కెడు నీళ్లు దొరకనీయకుండా చంపిన రోజది అని చెబితే నొచ్చుకుంటారు. 'అయ్యో భాయ్, మాకు తెలవదు' అంటారు. మరుసటేడు మళ్లీ హ్యాపీ వస్తుంది.

మొదట్లో మాకు కోపమొచ్చేది. ఇప్పుడు రావడం లేదు. ఎందుకంటే ఆ రోజుకు సరైన మాట మా దగ్గర మాత్రం ఉందా అని చూసుకుంటే, ఇంగ్లీషులో లేదు. మా నానీ వాళ్ల ఊళ్లో పీర్ల పండుగ అంటే పిల్లలకు ఏడాదంతా ఎదురుచూపు. అలావా గుండం తవ్విన రోజు నుంచే నిద్ర పట్టేది కాదు. పీర్లు లేస్తే ఊరు ఊరంతా లేచేది. మలీద ముద్దలు, షర్బతు కుండలు, డప్పులు, గుండం చుట్టూ అడుగులు. పీరు ఎత్తుకునేవాళ్లలో తురకలెంతమందో కాపులూ మాలలూ అంతమంది. తెల్లారి పీర్లను సాగనంపేటప్పుడు అదే జనం వలవల ఏడ్చేది. దుఃఖం కూడా పండుగ కావచ్చునని ఏ పండితుడినీ ఏ మౌల్వీనీ అడక్కుండానే ఊరు తేల్చుకుంది. 'పండుగ' అనే మాట ఆ రెంటినీ మోసింది. 'హ్యాపీ' మొయ్యలేదు. దాని భుజాలు చిన్నవి.

మరి మేం ఇంట్లో ఏ మాట వాడుతున్నాం? ఇక్కడ అబద్ధమాడితే లాభం లేదు. మేమూ హ్యాపీయే అంటున్నాం. పిల్లకు మంచి మార్కులొస్తే 'సో హ్యాపీ బేటీ'. చెల్లెలికి ఉద్యోగం వస్తే 'వెరీ హ్యాపీ'. వలీమాకు వచ్చినవాళ్లతో, 'ఖానా ఎంజాయ్ చేశారా?'. మా అమ్మీ నోట ముబారక్, మాషా అల్లా, ఖుషీ తప్ప వేరే మాట వచ్చేది కాదు. ఒక్క తరంలో మా నాలుక మారిపోయింది.

ఎందుకు మారింది? ఫ్యాషన్ అని కొట్టిపారేయడం తేలిక. కానీ మా వరకు కారణం అది కాదు. ఆఫీసులో ఫోన్ ఎత్తి 'బహుత్ ఖుషీ హుయీ భాయ్' అంటే పక్క సీటు ఒక్కసారి తల తిప్పి చూస్తుంది. చెడ్డ చూపేం కాదు. అయినా చూపు చూపే. 'చాలా సంతోషమండీ' అంటే మా చాచా కొడుకే వెక్కిరిస్తాడు, పూరా పంతులైపోయినవని. ఆ చూపుకూ ఈ వెక్కిరింతకూ మధ్య నిలబడినవాడికి 'హ్యాపీ' పెద్ద చెట్టునీడ. దానికి గడ్డం లేదు, బొట్టు లేదు. అది పోలీసువాళ్ల మఫ్టీ లాంటిది. వేసుకుని జనంలో కలిసిపోవచ్చు. మా ఖుషీకి మఫ్టీ ఎందుకు తొడగాల్సి వచ్చింది అన్నది తర్వాత మాట్లాడుకుందాం. ముందు ఆ బట్టలు ఎవరు కుట్టారో చూడాలనిపించింది. బీఏలో ఇంగ్లీషు లిటరేచర్ చదువుకున్న పుణ్యాన డిక్షనరీలు తిరగేసే అలవాటు ఒకటి మిగిలింది మాకు.

'హ్యాపీ' లోపల ఉన్నది 'హ్యాప్'. అంటే అదృష్టం, తగిలిన తావు. పెర్‌హాప్స్, హ్యాపెన్, మిస్‌హ్యాప్ అన్నీ దాని తోబుట్టువులే. మొదట్లో హ్యాపీ అంటే సంతోషంగా ఉన్నవాడు కాదు, కాలం కలిసొచ్చినవాడు. ఆ మాట కూడా ఇంగ్లీషువాళ్ల సొంతం కాదు. ఉత్తరాది సముద్రం మీద నుంచి ఓడలేసుకొచ్చి ఇంగ్లండు తీరాల్ని దోచిన వైకింగుల భాషది.

ఇక జాయ్, ప్లెజర్, డిలైట్. మూడూ ఫ్రెంచి నుంచి వచ్చాయి. 1066లో నార్మండీ దొర విలియం ఇంగ్లండును గెలిచాడు. గెలిచినవాళ్లు ఫ్రెంచి మాట్లాడారు. కోర్టు వాళ్లది, కోట వాళ్లది, విందు వాళ్లది. విందుతో పాటు విందు మాటలూ వాళ్లవే అయ్యాయి. డిలైట్ మూలంలో ఉన్నది వల వేయడం, ఆశ చూపి లాగడం. వెలుతురుతో దానికి సంబంధమే లేదు. పదహారో శతాబ్దంలో ఎవరో 'లైట్' అనే మాటకు చుట్టమనుకుని దాని స్పెల్లింగులో పలకని రెండక్షరాలు ఇరికించారు. ఆ పొరపాటునే ఇవాళ మా పిల్లలు బట్టీ పడుతున్నారు, తప్పితే మార్కు పోతుందని.

అసలు సిసలు ఇంగ్లీషు మాట 'గ్లాడ్'. పాత ఇంగ్లీషులో దానికర్థం మెరిసేది, తళతళలాడేది. బంగారానికీ మంటకూ వాడేవారట. ముఖం వెలగడం అంటామే, అదన్నమాట. పాపం, ఇప్పుడు దరఖాస్తుల్లో తప్ప దానికి పని లేదు. 'థ్రిల్' అంటే గుచ్చడం, చిల్లు పెట్టడం. ముక్కు రంధ్రాన్ని నాస్ట్రిల్ అనడంలో చివర ఉన్నది ఆ చిల్లే. 'ఫన్' అంటే పదిహేడో శతాబ్దంలో మోసం చెయ్యడం. 1755లో నిఘంటువు రాసిన శామ్యూల్ జాన్సన్‌కు ఆ మాటంటే గిట్టదు, లేకిజనం వాడే మాట అని రాసిపెట్టాడు. 'సిల్లీ' కథ మరీ జాలి. దాని పాత అర్థం ధన్యుడు, సుఖంగా ఉన్నవాడు. తర్వాత అమాయకుడు అయ్యాడు, తర్వాత పాపం అనదగ్గవాడు అయ్యాడు, ఆఖరికి తెలివితక్కువవాడై కూర్చున్నాడు. సంతోషంగా ఉన్నవాణ్ని చూసి లోకం ఏమనుకుంటుందో ఆ ఒక్క మాటే చెబుతుంది.

ఇంకోటి ఉంది. 'బ్లెస్'. దీవించడం. దీని వేరు 'బ్లడ్' అనీ, నెత్తురు చిలకరించి పవిత్రం చేయడం నుంచి వచ్చిందనీ నిఘంటుకారులు చెబుతారు. బక్రీదు వస్తే చాలు, మా మతాన్ని నెత్తురుతో ముడిపెట్టి నీతులు చెప్పే పెద్దమనుషులు నోరారా 'గాడ్ బ్లెస్ యూ' అంటుంటే మాకు నవ్వొస్తుంది. ఈ మాట పక్కన పెడదాం, ఇది మరో వ్యాసం.

మేం ఇదంతా చెబుతున్నది చదువు చూపించుకోవడానికి కాదు. ఒక్క సంగతి అడగడానికి. జాయ్ వచ్చింది కత్తి వెంట. ప్లెజర్ వచ్చింది కత్తి వెంట. 'హ్యాప్' వచ్చింది దోపిడీ ఓడల వెంట. ఇంగ్లండులో ఏ సంపాదకుడైనా, జాయ్ దండెత్తి వచ్చినవాడి మాట, కొట్టేసి గ్లాడ్ అని రాయండి అంటాడా? పుట్టిన బిడ్డకు జాయ్ అని పేరు పెడితే, ఏ ఫ్రెంచి గడ్డ నుంచి వచ్చావు, అక్కడికే పో అంటారా? వెయ్యేళ్లు కావస్తున్నది. ఎవరూ జాయ్‌ని పాస్‌పోర్టు అడగలేదు.

మరి మా మాటలో?

తెలుగులో కాస్త సరదాగా బతకాలంటే మా మాటలు లేకుండా కుదరదు. ఖుషీ పారసీ. మజా పారసీ, దాని అర్థం రుచి. పసందు పారసీ. తమాషా అరబ్బీలోంచి, నలుగురూ కలిసి నడవడం లోంచి వచ్చింది. జల్సా అంటే అరబ్బీలో కూర్చోవడం. ఉర్దూలో సభ. తెలుగులోకి వచ్చేసరికి సభ లేచిపోయి షోకు మిగిలింది. కులాసాగా ఉన్నారా అని ఉత్తరాల్లో అడుగుతామే, అది మా ఖులాసాయే. ఉర్దూలో దానికి తేటతెల్లం, సారాంశం అని అర్థం. మనసు తేటగా ఉండటమే కులాసా అని తెలుగువాడు చేసిన మార్పు మాకు ఉర్దూ అర్థం కంటే ఇష్టం. శభాష్ అన్నది రెండు పారసీ మాటల కూర్పు, 'సంతోషంగా ఉండు' అని. పంతులుగారు బడిలో పిల్లవాడి వీపు తట్టి శభాష్ అన్నప్పుడల్లా పారసీలో దీవిస్తున్నాడు. ఆయనకు తెలవదు, తెలవాల్సిన పనీ లేదు. మాటలు అట్లాగే బతకాలి.

కానీ ఒక పత్రికలో మేం డెస్క్ మీద పనిచేసినప్పుడు జరిగింది చెప్పాలి. రంజాన్ పండుగ మీద ఒక ఐటెం రాశాం. నెలవంక కనబడ్డ రాత్రి గల్లీ ఖుషీతో నిండిపోయిందని రాశాం. మాకంటే పెద్దాయన, మంచి తెలుగు తెలిసినవాడు, ఎర్ర సిరాతో ఖుషీ కొట్టేసి 'ఆనందోత్సాహాలతో' అని దిద్దాడు. 'ఎందుకు సార్?' అన్నాం. 'తెలుగు పత్రిక కదా భాయ్' అన్నాడు నవ్వుతూ. ఆ నవ్వులో విషం లేదు. అదే ఇబ్బంది, విషముంటే తిట్టుకుని ఊరుకునేవాళ్లం. ఆ రోజే సినిమా పేజీ కూడా మా చేతి మీదుగానే వెళ్లింది. దాని నిండా జోష్, మజా, మస్తు, జబర్దస్త్. ఎర్ర సిరా అటువైపు పోలేదు. 2001లో ఖుషి, 2008లో జల్సా, 2009లో జోష్, 2023లో మళ్లీ ఖుషి. తెలుగు సినిమా పోస్టరు మీద మా మాటకు పూలదండలు వేస్తారు, పాలు పోస్తారు. అదే మాట మా గల్లీలో మా పండుగనాడు మా కోసం వాడుకుంటే పరాయిదైపోతుంది. మాట అదే, నోరు మారింది. తేడా నోటిదే.

ఈ వేరు పెట్టడం నిన్నమొన్నటిది కాదు. 1852లో తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు అచ్చేయించిన బ్రౌన్ దొర 1854లో తెలుగులో కలిసిన అన్యదేశ్యాలకు విడిగా మరో పుస్తకం వేశాడు. ఆయన్ని తప్పుబట్టం. కచేరీ కాగితాలు చదవాలంటే అట్లాంటి పుస్తకం కావాలి. తెలుగుకు ఆయన చేసిన మేలూ తక్కువది కాదు. అయినా ఆ రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టి చూస్తే మాకు ఊరూ, ఊరవతల బస్తీ గుర్తొస్తాయి. ఒకే ఊరి మాటలు, రెండు గోడల మధ్య.

ఇప్పుడు 'ప్లెజర్' దగ్గరికి వద్దాం. దాన్ని ఊరికే దాటిపోలేం. ఇంగ్లీషులో సుఖం అని చెప్పే ఈ మాటకు ఇంకో ముఖం ఉంది. రాజుగారి ఇష్టం. ఇంగ్లండులో ఎన్నాళ్లన్న లెక్క లేకుండా మనిషిని జైల్లో ఉంచితే 'హర్ మెజెస్టీస్ ప్లెజర్' ఉన్నన్నాళ్లు అనేవారు. లోపలున్నవాడి సుఖం కాదు, బయట సింహాసనం మీద ఉన్నవారిది. ఆ మాట మన రాజ్యాంగంలోకీ వచ్చింది. 310వ అధికరణం ప్రకారం కేంద్ర ప్రభుత్వోద్యోగి రాష్ట్రపతి 'ప్లెజర్' ఉన్నంతకాలం పదవిలో ఉంటాడు. 156 ప్రకారం గవర్నరూ అంతే. లా చదివినవాళ్లు దీన్ని 'డాక్ట్రిన్ ఆఫ్ ప్లెజర్' అంటారు. ఉర్దూలో కూడా 'ఆప్ కీ ఖుషీ' అంటే తమ చిత్తం అనే కదా. సంతోషానికీ అధికారానికీ ఈ చుట్టరికం ఒక్క ఇంగ్లీషు సొత్తు కాదు. సంతోషించే హక్కు ఎవరిదో, ఆ సంతోషం మీద ఆధారపడి బతికేది ఎవరో, భాష ఎక్కడో దాచిపెట్టి ఉంచుతుంది.

సుఖాన్ని ఇంగ్లండువాళ్లు కొలిచారు కూడా. జెరెమీ బెంథామ్ 1789లో అచ్చయిన పుస్తకంలో సుఖాలు పద్నాలుగు రకాలని, దుఃఖాలు పన్నెండు రకాలని లెక్క తేల్చాడు. ఎంత గాఢం, ఎంత సేపు, ఎంత దగ్గర, ఎంతమందికి అని కొలమానాలు పెట్టాడు. కిరాణా కొట్టు చిట్టాలా ఉంటుంది చదివితే. ఆయన శిష్యుడూ స్నేహితుడూ జేమ్స్ మిల్. ఈయన ఇండియా ముఖం చూడకుండా, ఇక్కడి భాష ఒక్కటీ రాకుండా, 1817లో బ్రిటిష్ ఇండియా చరిత్ర రాశాడు. మన చరిత్రను హిందూ యుగం, మహమ్మదీయ యుగం, బ్రిటిష్ యుగం అని మూడు ముక్కలు కోసింది ఆయనే. ఎక్కువమందికి ఎక్కువ సుఖం అని లోకానికి చెప్పిన బడి నుంచే ఈ కత్తి వచ్చింది. ఆ మూడు ముక్కల చరిత్ర మేం బడిలో చదివాం, పరీక్ష రాశాం, ఫస్ట్ మార్కులూ తెచ్చుకున్నాం. 'మీ యుగం' అని పక్క బెంచీవాడు మోచేత్తో పొడిచినప్పుడు మాకు నొప్పెక్కడ తగిలిందో బెంథామ్ పన్నెండు దుఃఖాల్లో వెతుక్కోవాలి.

ఆయన కొడుకు జాన్ స్టూవర్ట్ మిల్ 1823 నుంచి 1858 దాకా ఈస్టిండియా కంపెనీ కొలువులో ఉన్నాడు. సుఖాల్లో ఎక్కువ తక్కువలున్నాయని, రెండు రకాలూ రుచి చూసినవాడే ఏది మేలో తీర్పు చెప్పాలని వాదించాడు. ఆ మాట మాకు నచ్చింది. రెండు భాషల ఖుషీ రుచి చూసినవాళ్లం మేం, మమ్మల్ని ఎవరూ తీర్పు అడగలేదు గానీ.

బెంథామ్ చిట్టాలో చిట్టచివరి సుఖం, పద్నాలుగోది, ఒక గండం తప్పినప్పుడు కలిగే సుఖం. హమ్మయ్య అనుకోవడం. దాన్ని ఆయన ఎందుకు చివర పెట్టాడో తెలవదు గానీ, మా జీవితాల్లో అది మొదటి వరసలోనే ఉంటుంది. ఒక రాత్రి సంగతి చెబుతాం.

1996 మార్చి 9. బెంగుళూరులో ప్రపంచకప్పు క్వార్టర్ ఫైనల్. ఇండియా, పాకిస్తాన్. కెప్టెన్ మా హైదరాబాద్ అజహరుద్దీన్. మేం అప్పటికి తొమ్మిదో తరగతి. వరంగల్‌లో మా గల్లీలో కలర్ టీవీ ఉన్నది కిరాణా కొట్టు అన్న ఇంట్లో. ఆయన మంచివాడు, అందరినీ పిలిచేవాడు. మేం బయల్దేరుతుంటే అబ్బా గుమ్మం దాకా వచ్చాడు. మా అబ్బాకు క్రికెట్ తెలవదు. ఎంతమంది ఆడతారో కూడా తెలవదు. భుజం మీద చెయ్యేసి మెల్లగా అన్నాడు: 'బేటా, జర జోర్‌సే చిల్లావ్. సబ్‌కు సునాయీ దేనా.' కొంచెం గట్టిగా అరువు, అందరికీ వినబడాలి అని.

మాకు అర్థం కాలేదు. అరవమని ఎవరైనా చెప్పాలా? అజయ్ జడేజా ఆఖరి ఓవర్లలో వకార్ యూనిస్‌ను చితగ్గొడుతుంటే ఎవరాగుతారు? మేమూ అరిచాం. అందరం ఒకర్నొకరం గుద్దుకున్నాం. అయితే అరుస్తూ అరుస్తూ మధ్యలో మాకు అబ్బా మాట గుర్తొచ్చింది. అప్పుడే గమనించాం. పాకిస్తాన్ బ్యాటింగుకు దిగి ఫోర్లు కొట్టినప్పుడల్లా ఒకటి రెండు తలలు టీవీ వైపు కాకుండా మా వైపు తిరుగుతున్నాయి. మా ముఖంలో ఏముందో చూస్తున్నాయి. వెంకటేశ్ ప్రసాద్ బంతికి ఆమిర్ సొహైల్ స్టంపులు లేచిపోయినప్పుడు మేం అందరికంటే ముందు లేచి గెంతాం. అందరికంటే ఎక్కువసేపు గెంతాం. నిజంగానే సంతోషించాం. ఆ సంతోషంలో అబద్ధం ఇసుమంత లేదు. కానీ ఎంతసేపు గెంతాలో లెక్క వేసుకుంటున్నవాడొకడు మా లోపల కూర్చున్నాడు. వాడు ఆ రోజు లోపలికి వచ్చాడు. ఇంకా పోలేదు.

39 పరుగులతో గెలిచాం. ఇంటికొచ్చేసరికి అబ్బా అరుగు మీద కూర్చునే ఉన్నాడు. 'జీత్ గయే?' అన్నాడు. గెలిచాం అన్నాం. కళ్లు మూసుకుని 'అల్హందులిల్లా' అని గట్టిగా ఊపిరి వదిలాడు. ఆ ముఖంలో ఉన్నది జాయ్ కాదు, డిలైట్ కాదు, హ్యాపీ కాదు. పద్నాలుగోది.

మేం ఈ వ్యాసంలో అడుగుతున్న ప్రశ్న ఇదే. నిజమైన సంతోషమే అయినా, దాన్ని ఇతరులు తనిఖీ చేసుకునేలా చూపించాల్సి వచ్చినప్పుడు అది సంతోషంగా మిగులుతుందా? దుఃఖానికి ఇబ్బంది లేదు. మా దుఃఖాన్ని లోకం నమ్ముతుంది, కొంత సాహిత్యం కూడా నమ్ముతుంది. పేదరికం మీద రాయండి, అల్లర్ల మీద రాయండి, తలాక్ మీద రాయండి అని అడిగేవాళ్లున్నారు. మా ఇంట్లో కబాబ్ కాలుతుంటే వచ్చే వాసన మీద రాయమని అడిగినవాళ్లు లేరు. ఏడ్చే ముస్లిం అందరికీ తెలుసు. ఊరికే, ఏ కారణం లేకుండా, పొద్దున్నే లేచి కూనిరాగం తీసే ముస్లిం ఎవరికీ తెలవదు.

ఇంగ్లీషు భాషలో మేం చూసిన ఒక మార్పు ఈ ప్రశ్నకు దగ్గరది. ఇప్పుడు ఇంగ్లీషువాడు 'ఐ లైక్' అంటాడు. నేను ఇష్టపడుతున్నాను. పని నాది, పెత్తనం నాది. కానీ పాతరోజుల్లో అట్లా అనేవాడు కాదు. 'మీ లైకెత్' అనేవాడు, అంటే 'నాకు నచ్చింది' అని. ఇష్టం వచ్చేది, మనిషికి తగిలేది. మన తెలుగు ఇంకా అట్లాగే ఉంది: నాకు సంతోషమైంది, నాకు నచ్చింది. ఉర్దూ అట్లాగే ఉంది: ముఝే ఖుషీ హుయీ. మా దక్కనీలో మేరేకు ఖుషీ హుయీ. ఈ రెండు భాషలకూ రక్తసంబంధం లేదు, ఒకటి దక్షిణాది కుటుంబం, ఒకటి ఉత్తరాది కుటుంబం. అయినా ఈ ఒక్క దగ్గర రెండూ ఒకే మాట అంటాయి. ఖుషీ మనం చేసేది కాదు, మన దగ్గరికి వచ్చేది. వచ్చిన చుట్టాన్ని కూర్చోబెట్టాలి. వాడు వచ్చాడా లేదా అని పక్కింటివాడు పిలిపించి విచారణ చేస్తే వాడు మళ్లీ రాడు.

అయితే తనిఖీ చేసేది పక్కింటివాళ్లే అంటే మేం అన్యాయం చేసినట్టే. మా ఇళ్లల్లో ఏం తక్కువ? పెళ్లిలో బ్యాండు పెడితే నికా చదవనని లేచి వెళ్లిన పెద్దలు మా చుట్టాల్లోనే ఉన్నారు. పీర్ల దగ్గరికి వెళ్తే గునాహ్ అనేవాళ్లు ఇప్పుడు గల్లీకి నలుగురున్నారు. మా అక్క పదిహేనేళ్ల వయసులో వరండాలో నిలబడి పగలబడి నవ్వింది. ఎందుకు నవ్విందో ఎవరూ అడగలేదు. లోపలికి పిలిచి 'గోషాలో ఉండే పిల్ల, గొంతు బయటికి పోవచ్చా?' అన్నారు. అన్నవాళ్లలో మా అబ్బా ఉన్నాడు. కొడుకును గట్టిగా అరవమని పంపిన మనిషే కూతురిని గట్టిగా నవ్వొద్దన్నాడు. రెండు చోట్లా ఆయన చూసుకున్నది ఒకటే, వినేవాళ్లను. మా అక్క ఇప్పటికీ కొంగు నోటికి అడ్డం పెట్టుకునే నవ్వుతుంది. ఆ నవ్వుకు ఏ భాషలో మాట ఉందో మాకు తెలవదు. ఆమెను అడిగితే మళ్లీ కొంగు అడ్డం పెట్టుకుంది.

పారసీలో 'షాదీ' అంటే సంతోషం. ఉర్దూలోకి వచ్చాక దాని అర్థం పెళ్లి. మా ఆడపిల్లలకు సంతోషం అంటే పెళ్లి ఒక్కటే అని ఆ మాట ఎప్పుడు తేల్చేసిందో గానీ, దాని గురించి మా మగ రచయితలెవరూ పెద్దగా బెంగపడినట్టు లేదు. మాతో సహా.

అబ్బా పోయి చాలా ఏళ్లయింది. 2023 అక్టోబరు 14న అహ్మదాబాద్‌లో మళ్లీ ఇండియా, పాకిస్తాన్. ప్రపంచకప్పు. ఇప్పుడు మాది అపార్ట్‌మెంటు, మూడో అంతస్తు. టీవీ మాది, సోఫా మాది, ఎవరి ఇంటికీ పోవాల్సిన పని లేదు. మా వైపు తిరిగే తలలు లేవు. మా హైదరాబాద్ పిల్లగాడు సిరాజ్ బాబర్ ఆజంను బౌల్డ్ చేశాడు. పాకిస్తాన్ 191కే కుప్పకూలింది. రోహిత్ శర్మ సిక్సర్ల మీద సిక్సర్లు కొడుతున్నాడు. ఇండియా ఏడు వికెట్ల తేడాతో గెలిచే వేళయింది. మేం లేచి బాల్కనీ తలుపు బార్లా తెరిచాం. వచ్చి కూర్చుని రిమోటు అందుకుని సౌండు పెంచాం. ఇంకాస్త పెంచాం.

పక్కగదిలో మా అమ్మాయి బొమ్మ వేసుకుంటోంది. చెవులు మూసుకుంటూ బయటికొచ్చింది. మమ్మల్ని చూసింది, తెరిచిన తలుపును చూసింది.

'కిస్కు సునానేకు అబ్బూ?' అంది. ఎవరికి వినిపించడానికి అని.

అడిగినదాంట్లో ఎగతాళి లేదు. నిజంగానే తెలవక అడిగింది. మేం ఏదో చెప్పబోయాం. రిమోటు దాని చేతికిచ్చాం.